కంపైలర్ కిమ్మనలేదు

ఆ ఆఫీసులో ఆయన అందరికీ బావగారు. మేనేజరు దగ్గర్నుంచి మొన్న చేరిన కుర్రాళ్ళ దాకా అలాగే పిలిచేవారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. వేళాకోళం చేస్తే అలిగే మనిషి కాదు, పైగా వడ్డీతో సహా తిరిగి అంటించేవాడు కాబట్టి ఆ పిలుపు ఆయనకి అతికినట్టు సరిపోయింది. ఒక్క అమ్మాయి మాత్రం అన్నయ్యా అనేది. చేరిన కొత్తలో ఆమె కూడా అందరితో పాటు బావగారూ అనబోతే, "వద్దమ్మా తల్లీ! ఇంటికెళ్ళి మీ వదినకి సంజాయిషీ చెప్పుకునే ఓపిక నాకు లేదు. నువ్వు అన్నయ్యా అను, చెల్లెళ్ళు లేని లోటు తీరుతుంది" అన్నాడు. అప్పటినుంచి ఆమె ఆయనకి చెల్లెమ్మ.

ఫర్నిచర్ దుకాణం పై అంతస్తులో ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే వార్నిష్ వాసన గుప్పుమనేది. రక్తపరీక్షలు చేసే ల్యాబులకి సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే చిన్న కంపెనీ అది. వచ్చినవాళ్ళ పేరు రాసుకోవడం మొదలుకొని రిపోర్టు చేతికిచ్చే వరకు ల్యాబులో పనంతా దానితోనే నడిచేది. అందులో లేబుళ్ళ భాగం బావగారిది. రక్తం తీసిన ప్రతి చిన్న గొట్టానికీ పేరు, వయసు, బార్‌కోడు ఉన్న కాగితం ముక్క అంటిస్తారు కదా, దాన్ని అచ్చువేసే ప్రోగ్రాం. కంపెనీ పెట్టిన కొత్తలో ఆయన ఒక్కడే కూర్చుని జావా అనే కంప్యూటర్ భాషలో రాశాడు. ఆ తరువాత ఎన్ని రకాల ప్రింటర్లు వచ్చినా ఒక్కొక్కదానికీ తగ్గట్టు దాన్ని సరిదిద్దుతూ వచ్చాడు. "నాకిద్దరు పిల్లలు. పెద్దాడు ఉద్యోగంలో చేరిపోయాడు. రెండోది ఇదిగో, ఇంకా నా నెత్తినెక్కి కూర్చుంది" అని స్క్రీన్ మీద ఆ ఫోల్డర్‌ని చూపించేవాడు.

ఆమె సీటు ఆయన పక్కనే. పని నేర్పింది కూడా ఆయనే. కాలేజీ నుంచి నేరుగా వచ్చి, పెద్ద ప్రాజెక్టులో ఏ కొస ఎక్కడుందో తెలియక కళ్ళు తేలేసినప్పుడు, విసుక్కోకుండా పక్కన కూర్చుని చెప్పాడు. ఇప్పుడు ఆమెకి అక్కడ తనదంటూ ఒక బాధ్యత ఉంది. అందరూ రాసిన ప్రోగ్రాములని ఒకచోట చేర్చి, వాటిలో తప్పులుంటే పట్టుకుని, ల్యాబులకి పంపదగ్గ ఒకే సాఫ్ట్‌వేర్‌గా తయారుచేయడాన్ని బిల్డ్ అంటారు. రోజూ ఆ బిల్డ్ సక్రమంగా జరిగేటట్టు చూడడం ఆమె పని. సర్వర్ పాస్‌వర్డులన్నీ ఆమె చేతిలోనే ఉంటాయని బావగారు ఆమెకి తాళాలమ్మ అని బిరుదు కూడా ఇచ్చాడు.

ఒక మధ్యాహ్నం మేనేజరు ఆమెని తన గదిలోకి పిలిచాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. చెడ్డకబురు తన నోటివెంట వెళ్ళకుండా చూసుకునే మెత్తటి మనిషి, అంతే. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తాగి, ఫ్యాన్ తగ్గించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"కొత్త లేబుళ్ళ ప్రోగ్రాం బాగా నడుస్తోంది కదా?"

"నడుస్తోందండి."

"బావగారి పాతది ఇప్పుడు ఒక్క ల్యాబు కూడా వాడటం లేదు. చివరి ల్యాబు కూడా కిందటి నెలలో కొత్త ప్రింటర్లకి మారిపోయింది. పైగా మనం జావా కొత్త వెర్షన్‌కి వెళ్ళాలంటే ఆ పాత ఫోల్డరే అడ్డంపడుతోందన్నావు."

"అవునండి. దాని దగ్గరికొచ్చేసరికి బిల్డ్ ఆగిపోతోంది."

"అయితే దాన్ని బిల్డ్‌లోంచి తప్పించు. చెరిపెయ్యకు. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ఉంటుంది. తప్పించు, చాలు."

"అన్నయ్యకి తెలుసాండి?"

"నేను చెప్తాను. ఇన్నేళ్ళ పనిని పక్కన పెడుతున్నామని వట్టి చేతులతో వెళ్ళి ఎలా చెప్పమంటావు? ఆయనకి ఇంకో మంచి పని చూస్తున్నాను. అది కుదరగానే రెండూ కలిపి చెప్తాను. నువ్వు మాత్రం ముందే అనేసి మనసు పాడుచెయ్యకు."

అందులో తప్పుపట్టడానికేమీ ఆమెకి కనిపించలేదు. సీటుకొచ్చి, బిల్డ్‌కి సంబంధించిన ఫైలు తెరిచింది. ఫలానా ఫోల్డర్‌ని వదిలెయ్యమని ఒక వరుస రాసింది. ఆ ఫోల్డర్ మీద ఆధారపడ్డ ఫైళ్ళు వేరే చోట రెండున్నాయి, వాటికీ చెరో వరుస. కొత్త జావాతో బిల్డ్ నడిపించింది. ఎన్నాళ్ళుగానో మొండికేస్తున్నది ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళి పచ్చరంగు చూపించింది. బావగారు ఆ సమయంలో పక్క సీట్లోనే ఉన్నాడు. ఫోన్‌లో ఎవరితోనో, "ఆ ప్రింటర్‌కి కోపమొస్తే కాగితం మింగేస్తుందండీ, కాస్త బుజ్జగించాలి" అంటున్నాడు. ఆయన ఫోల్డర్ ఎక్కడున్నది అక్కడే ఉంది. ఒక్క అక్షరం చెరగలేదు. ఇకమీదట అది కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో భాగం కాదు, అంతే.

మేనేజరు ఆ వారం చెప్పలేదు. ఊరెళ్ళొచ్చాడు. మరుసటి వారం, అనుకున్న కొత్త పని ఇంకా తేలలేదన్నాడు. ఆమె రెండుసార్లు గుర్తుచేసింది. "చెప్తానమ్మా, నాకు లేదా ఆ బాధ?" అన్నాడు. ఆమె ఊరుకుంది.

ఈలోగా బావగారు ఊరికే కూర్చోలేదు. పేరు మరీ పొడుగ్గా ఉంటే లేబుల్ మీద చివరి అక్షరాలు తెగిపోతున్నాయని ఒక ల్యాబు ఎప్పుడో ఫిర్యాదు చేసింది. వేరే పనుల ఒత్తిడిలో అది వాయిదా పడుతూ వచ్చింది. పాతది వాడే ల్యాబులు ఇంకా ఉన్నాయనుకుని, ఇప్పుడు తీరిక దొరికిందని ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పేరు పొడుగైతే రెండో వరుసలోకి మడిచేటట్టు రాయాలి. ఆమె పక్కనుంచి చూస్తూనే ఉంది. పోనీలే, సరదాపడి చేసుకుంటున్నాడు, ఎవరికి నష్టం అనుకుంది. అప్పటికి ఆమెకి అంతకు మించి ఏమీ తోచలేదు.

ఆయన మార్పులు చేశాడు. బిల్డ్ నడిపించాడు. ఒక్క తప్పూ చూపించకుండా పూర్తయింది. లేబుల్ తీసి చూశాడు. పేరు మునుపటిలాగే తెగిపోయి ఉంది. ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ మార్చాడు. మళ్ళీ అదే లేబుల్. ఇంకో దారిలో రాశాడు. అదే.

జరిగిందేమిటంటే, ఆయన కంప్యూటర్‌లో ఎప్పటిదో పాత బిల్డ్ తయారుచేసిన భాగాలు అలాగే మిగిలి ఉన్నాయి. లేబుల్ వాటిలోంచి వస్తోంది. కొత్తగా ఆయన ఏం రాసినా బిల్డ్ దానివైపు చూడడమే లేదు. పాతవన్నీ తుడిచేసి మొదటినుంచి బిల్డ్ చేసుంటే సంగతి వెంటనే బయటపడేది. కానీ ఆయన పాత కంప్యూటర్ మీద అది పూర్తికావడానికి పూట పడుతుంది, అందుకని అక్కడ ఎవరూ ఆ పని పెట్టుకునేవారు కాదు. పైగా బిల్డ్ పచ్చగా వస్తుంటే తప్పు దానిలో ఉందని ఎవరనుకుంటారు?

మూడు నాలుగు రోజులు ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ తరువాత ఒకరోజు కుర్చీ ఆమెవైపు జరుపుకున్నాడు.

"చెల్లెమ్మా, ఒకసారి ఇది చూడవూ? ఎవరికీ చెప్పకు. నా బుర్ర పనిచెయ్యట్లేదు."

"అదేంటన్నయ్యా?"

"ఏం మార్చినా ఏం మారట్లేదు. చంటిపిల్లలు చేసే పని ఇది. నేను చెయ్యలేకపోతున్నాను. ఎక్కడో తప్పు చేస్తున్నా, అది నాకే కనపడట్లేదు."

ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

ఆమె చెప్పడానికి నోరు తెరిచింది. చెప్తే ఆయన వెంటనే అడిగేది, ఎప్పటినుంచి అని. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని, ఆయన తెచ్చిన కాఫీ తాగుతూ, ఆయన జోకులకి నవ్వుతూ, చేసిన పని దాచుకున్నానని ఎలా చెప్పడం? మేనేజరు చెప్పొద్దన్నాడు కదా అన్నది కూడా ఒక ఆసరాగా దొరికింది. తెరిచిన నోటితో, "ఏదీ, చూడనివ్వు" అంది.

చూసింది. ఆయన రాసిందాంట్లో వేలెత్తి చూపే తప్పు లేదు. ఎప్పటిలాగే శుభ్రంగా, చక్కగా ఉంది.

"కోడ్ బాగానే ఉందన్నయ్యా" అంది. ఆ ఒక్క మాటా నిజమే కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది.

ఆయన మొహం వాడిపోయింది. "బాగానే ఉంటే లేబుల్ ఎందుకు మారదు? నీక్కూడా కనపడలేదంటే... లేదులే, నువ్వు మొహమాటానికి అంటున్నావు." కాసేపు స్క్రీన్‌కేసి చూసి, గొంతు తగ్గించాడు. "మా నాన్నకి యాభై అయిదు దాటగానే మొదలైంది. మొదట లెక్కలు తప్పాయి. షాపులో చిల్లర ఇవ్వడం దగ్గర తడబడేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఆ తరువాత మా పేర్లు మర్చిపోయాడు."

"ఊరుకో అన్నయ్యా, ఏం మాటలవి? అలసిపోయుంటావు. రెండురోజులు పక్కన పెట్టెయ్."

"అంతేనంటావా?"

"అంతే."

ఆమె అక్కడినుంచి లేచి తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. "ఈరోజే చెప్పండి. ఆయన తనకేదో అయిపోతోందని బెంగపడుతున్నారు" అంది. మేనేజరు నుదురు పట్టుకున్నాడు. కొత్త పని కాగితం మీదకి వచ్చేసింది, పైవాళ్ళ సంతకమే మిగిలింది, సోమవారం పిలిచి కూర్చోబెట్టి చెప్పేస్తాను, ఒట్టు అన్నాడు. ఆమె దానికీ తలూపింది. సోమవారం ఎంతలో వస్తుంది అనుకుంది.

ఆ మిగిలిన రోజులు ఆమెకి తరువాత ఎప్పటికీ మరుపుకి రాలేదు. బావగారు పనిని పక్కన పెట్టలేదు. పొద్దున్నే వచ్చి, అదే ఫైలు తెరిచి, వరుస వరుసా వేలు పెట్టి చదివేవాడు. మనిషికి సహజంగా ఉండే చిన్న చిన్న మరుపులన్నీ ఇప్పుడాయనకి సాక్ష్యాలైపోయాయి. గొడుగు బస్సులో వదిలేశాడు. చేతిలో కళ్ళజోడు పెట్టుకుని బల్లంతా వెతికాడు. మామూలప్పుడైతే దానిమీద ఆయనే ఒక జోకు వేసి నలుగురినీ నవ్వించేవాడు. ఇప్పుడు గబుక్కున చుట్టూ చూసి, ఎవరైనా గమనించారేమోనని కళ్ళజోడు పెట్టుకున్నాడు. కొత్త కుర్రాడొకడు, "ఏం బావగారూ, ఈమధ్య మాట్లాడట్లేదు, అక్కయ్య మౌనవ్రతం పట్టించిందా?" అంటే, ఏదో అనబోయి మానేసి ఊరికే చేయి ఊపాడు. పెదవులు మాత్రం కదులుతూ ఉండేవి. ఆమె యథాలాపంగా అటు చెవి వేస్తే, పదిహేడో ఎక్కం అప్పజెప్పుకుంటున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమెకి ఫోన్ వచ్చింది. బాల్కనీలో ఉతికిన బట్టలు ఆరేస్తోంది. బావగారి భార్య. ఇంట్లో కర్టెన్లు, దిండు గలీబులు కుట్టి దుకాణాలకి ఇస్తుంటుంది. ఆఫీసు పిక్నిక్‌లో కలిసినప్పటినుంచి ఇద్దరికీ వదినా వదినా అనుకునేంత చనువు.

"వదినా, నిన్నొకటి అడుగుతాను. ఉన్నదున్నట్టు చెప్పాలి."

"అడుగు వదినా."

"ఆఫీసులో ఆయన బాగానే ఉంటున్నారా?"

ఆమె తడి తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎందుకలా అడుగుతున్నావు?"

"రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు. నాన్న జబ్బు నాకూ వచ్చింది అంటున్నారు. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. గడియారం బొమ్మ గియ్యమన్నాడు, వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమన్నాడు. అన్నీ చక్కగానే చెప్పారు. డాక్టరు ఏం లేదన్నాడు. అయినా ఈయన వినరే! డాక్టరుకేం తెలుసు, నా పని నేను చెయ్యలేకపోతున్నానంటే అది నాకు తెలియదా అంటారు. నువ్వు రోజూ పక్కనే ఉంటావు. నీకేమైనా తేడా కనిపించిందా?"

"లేదు వదినా. అన్నయ్య బాగానే ఉన్నారు."

"నిజంగానా?"

"నిజంగా."

అవతల ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. "నీ నోట్లో చక్కెర పొయ్య. ఆ ఒక్క మాట కోసమే చేశాను. నీమీద ఆయనకి ఎంత గురో తెలుసా? చెల్లెమ్మ చూసి బాగానే ఉందంది, మరి నాకెందుకు రావట్లేదు అని అదే తలపోసుకుంటున్నారు."

ఫోన్ పెట్టేశాక ఆమె బట్టలు అక్కడే వదిలేసి లోపలికొచ్చింది. భర్త వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాడు. మొత్తం చెప్పింది. అతను కత్తి ఆపి విన్నాడు.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్" అన్నాడు.

"ఫోన్‌లోనా? ఇంత విషయం ఫోన్‌లో ఎలా చెప్తాను? రేపు పొద్దున్నే ఎదురుగా కూర్చుని చెప్తాను. మేనేజరు ఏమన్నా అననీ."

"ఎదురుగా చెప్పాలంటే వాళ్ళిల్లు ఎంత దూరమని?"

ఆమె బాల్కనీలోకి వెళ్ళి మిగిలిన బట్టలు ఆరేసింది. చెప్పే మాటలు ఆ సాయంత్రమంతా మనసులో కూర్చుకుంది. మొదట క్షమించమనాలా, మొదట జరిగింది చెప్పాలా అని ఆలోచించింది. తనంతట తాను చెప్పడానికి మిగిలిన చివరి పూట అదేనని ఆమెకి తెలియదు.

సోమవారం ఆమె అందరికంటే ముందు చేరుకోవాలని బయలుదేరింది. కింద దుకాణం వాళ్ళు ఇంకా షట్టర్ తియ్యలేదు. పైకి వెళ్తే, బావగారు అప్పటికే తన సీట్లో ఉన్నాడు. లైట్లు కూడా వెయ్యలేదు. స్క్రీన్ వెలుగు ఒక్కటే మొహం మీద పడుతోంది.

"అన్నయ్యా, నీతో మాట్లాడాలి" అంది, సంచీ కూడా దించకుండా.

"రా, ఇది చూడు ముందు" అన్నాడు. గొంతులో కోపం లేదు. చాలా రోజుల తరువాత అది మామూలు గొంతులా ఉంది. అందుకే ఆమెకి భయం వేసింది.

స్క్రీన్ మీద ఆయన లేబుళ్ళ ప్రోగ్రాం ఉంది. దాని నట్టనడుమ, జావాకి సంబంధం లేని ఒక వాక్యం టైపు చేసి ఉంది. *నాకు మతి పోయిందా.* అంతే. మామూలుగా ఒక చుక్క తక్కువైనా, బిల్డ్‌లో ప్రతి ఫైలునీ చదివి తప్పులు పట్టే కంపైలర్ గగ్గోలు పెడుతుంది. ఫలానా చోట ఫలానా తప్పు అని ఎర్ర అక్షరాలతో స్క్రీన్ నింపేస్తుంది.

"బిల్డ్ నడిపిస్తాను, చూస్తూ ఉండు" అన్నాడు.

నడిపించాడు. వరుసలు గబగబా పైకి జరిగాయి. చివర పచ్చ అక్షరాలొచ్చాయి. విజయవంతంగా పూర్తయిందట.

"కిమ్మనలేదు" అన్నాడు. "పొద్దున్న ఊరికే విసుగొచ్చి రాశాను. దీన్నడిగితే అయినా చెప్తుందేమోనని. కిమ్మనలేదు. అప్పుడు అర్థమైంది, ఇది నా మాట వినడమే లేదని."

స్క్రీన్ మీద ఇంకో విండో తెరిచాడు. బిల్డ్ ఫైలు. మూడు వరుసలు. పక్కన వాటిని ఎవరు, ఏ రోజు రాశారో చూపించే చోట ఆమె పేరు.

ఆమెకి కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"మేనేజరు చెప్తానన్నారు అన్నయ్యా. ఈరోజు చెప్తానన్నారు. నేనూ ఈరోజు చెప్దామనే..."

"తప్పించమని ఆయన అన్నాడు, నువ్వు తప్పించావు. అందులో నీ తప్పేముంది? కొత్తది బాగుంది. నేనూ చూశాను. ఎప్పుడో ఒకప్పుడు ఇది పోవాల్సిందే, నాకు తెలియదా?" ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆరోజు నేను నీ దగ్గరికొచ్చి, నా బుర్ర పనిచెయ్యట్లేదు చూడమన్నాను. అప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"మా నాన్న సంగతి చెప్పినప్పుడు కూడా."

"తెలుసు అన్నయ్యా."

ఆయన ఇంకేదో అడుగుతాడని చూసింది. తిడతాడని చూసింది. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన మెల్లగా ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం చెరిపేశాడు. ఫైలు సేవ్ చేశాడు. బిల్డ్‌లోకి రాని ఫైలుని కూడా శుభ్రంగా పెట్టడం ఆయన అలవాటు.

"సరేనండి. మీరు వెళ్ళి మీ పని చూసుకోండి" అన్నాడు.

మీరు అన్నాడు. వెటకారం కాదు, విసురు కాదు. కొత్తగా పరిచయమైన మనిషితో మాట్లాడినట్టు, మర్యాదగా. ఆమె తన సీట్లో కూర్చుని లైట్లు వెలిగేదాకా అలాగే ఉండిపోయింది.

మేనేజరు వచ్చాక ఇద్దరూ గదిలో మాట్లాడుకున్నారు. తలుపు వేసి ఉన్నా బావగారి గొంతు పైకి లేచినట్టు ఎవరికీ వినపడలేదు. మేనేజరే బయటికొచ్చాక రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు. ఆ వారంలోనే కొత్త పని సంతకమైంది. ల్యాబులకి వెళ్ళి అక్కడివాళ్ళకి సాఫ్ట్‌వేర్ వాడడం నేర్పే పని. వెళ్ళేముందు బావగారు ఒక్కటే కోరాడట. ఆ ఫోల్డర్‌ని ఊరికే అలా వదిలెయ్యొద్దు, తీసెయ్యండి, నేనే తీసేస్తాను అన్నాడట. ఒక పూట కూర్చుని దాన్నీ, ఆ రెండు ఫైళ్ళనీ చెరిపేశాడు. తప్పించడానికి ఇక ఏమీ లేదు కాబట్టి ఆమె రాసిన మూడు వరుసలు కూడా తీసేశాడు.

కొత్త పని ఆయనకి బాగా నప్పింది. ల్యాబుల నుంచి ఫోన్ చేసి, ఆ నవ్వించే సారునే మళ్ళీ పంపండి అనేవారు. ఆఫీసుకొచ్చిన రోజుల్లో కుర్రాళ్ళు చుట్టూ మూగేవారు. బావగారి గొంతు ఆ మూల నుంచి ఈ మూలకి మునుపటిలాగే వినిపించేది. ఆమె ఎదురుపడితే ఆగేవాడు. "బాగున్నారా? ఇంట్లో అందరూ కులాసాయేనా?" అనేవాడు. ఆమె అన్నయ్యా అంటూనే ఉంది. ఆయన వద్దనలేదు. పలికేవాడు. అంతకంటే ఏమీ లేదు.

ఆమె రెండుసార్లు క్షమాపణ చెప్పబోయింది. "అయ్యో, అదెప్పుడో మర్చిపోయానండి" అన్నాడు. మర్చిపోయాను అన్న మాట ఆయన నోట వినడం ఆమెకి భరించరానిదైంది. ఆపైన ఆ మాట ఎత్తలేదు.

చివరికి ఒక శనివారం, ఆయన వేరే ఊళ్ళో ల్యాబుకి వెళ్ళాడని తెలిసి, ఆయన ఇంటికి వెళ్ళింది. వదిన తలుపు తీసి, "ఏం వదినా, దారి తప్పి వచ్చావా? ఎన్నాళ్ళయింది!" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ముందుగదిలో నేలంతా నీలంరంగు కర్టెన్ గుడ్డ పరిచి ఉంది. ఒక పక్క సుద్దముక్క, టేపు, గుండుసూదుల డబ్బా. ఆమె గోడవారగా కూర్చుంది. వదిన గుడ్డ అంచు మడిచి సూదులు గుచ్చుతూ, "చెప్పు, ఏంటి విశేషాలు?" అంది.

ఆ మొహం చూడగానే, బావగారు ఇంట్లో తన పేరు చెప్పలేదని ఆమెకి అర్థమైంది. తరువాత వదినే అంది, తప్పు నాలో లేదే, మెషిన్‌లో ఉంది అని మాత్రం చెప్పారని.

ఆమె చెప్పింది. మొదటినుంచి, ఏదీ మింగకుండా చెప్పింది. వదిన సూదులు గుచ్చడం ఆపలేదు. కొంతసేపటికి చేతులు నెమ్మదించాయి. ఆ తరువాత ఆగిపోయాయి.

"ఆదివారం నీకు ఫోన్ చేశాను చూడు. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు వదినా."

"బాగానే ఉన్నారన్నావు."

"బాగానే ఉన్నారని నాకు తెలుసు కాబట్టే..."

"అవును. నువ్వు అబద్ధమాడలేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండుతోంది" అంది వదిన. కేకవెయ్యలేదు. "ఆ రోజుల్లో ఈ ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలియదు. మా అబ్బాయి సెలవుపెట్టి వచ్చాడు. ఆయన వాణ్ణి కూర్చోబెట్టి ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో చూపించారు. నాకేమో గ్యాసుకి ఫోన్ ఎలా చెయ్యాలో, కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో నేర్పారు. పెళ్ళైనప్పటినుంచి అవన్నీ కట్టేది నేనే! అయినా ఆయన చెప్తుంటే బుద్ధిగా తలూపాను. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. నన్ను గుర్తుపట్టని రోజు వస్తే, కోప్పడకు, నేనెవరినో నిదానంగా చెప్పు అన్నారు. ఆ మాటని ఇప్పుడు ఎవరు వెనక్కి తీసుకుంటారు చెప్పు?"

ఆమె ఏడ్చింది. వదిన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పక్కన కూర్చోలేదు. వీపు నిమరలేదు.

"ఒక్కముక్క చెప్పుంటే పోయేది కదా వదినా" అంది వదిన. "గట్టిగా కూడా అక్కర్లేదు. చెవిలో చెప్పుంటే చాలు."

"చెప్పాల్సింది."

"నువ్వొచ్చి చెప్పావు. అది మంచిదే. పరవాలేదులే అని మాత్రం అనలేను. నోరు రావట్లేదు."

"అనొద్దు వదినా."

గోడగడియారం కేసి చూసి వదిన లేచింది. "సాయంత్రం బండికి ఆయన వచ్చేస్తారు. ఈలోపు వెళ్ళిపో. నువ్వు ఏడ్చిన కళ్ళతో కనిపిస్తే, ఆయనే కూర్చుని నిన్ను ఓదారుస్తారు. ఆయన సంగతి నాకు తెలుసు. అది నాకు ఇష్టం లేదు."

ఆమె గ్లాసు వంటింట్లో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులేసుకుంది. వదిన గుమ్మం దాకా వచ్చింది. తలుపు వెంటనే వెయ్యలేదు. ఆమె మెట్లు దిగి వీధిలోకి వచ్చేదాకా నిలబడి, ఆ తరువాత లోపలికి వెళ్ళింది. ఆమె బస్టాపు వైపు కాకుండా పక్క సందులోకి తిరిగింది. సాయంత్రం బండి దిగి ఆయన వచ్చేది బస్టాపు దారినేనని తెలుసు, ఆ దారిన నడిచే హక్కు ఆవేళకి తనకి లేదనిపించింది. చుట్టుతిరిగి, తెలియని వీధుల్లోంచి, అడుగుతూ అడుగుతూ ఇంటికి చేరింది.